నూకరత్నం టీచర్ దగ్గర మిగిలిన చాప్టరు

మేధాఝరి ట్యుటోరియల్స్ ప్రైవేట్ లిమిటెడ్ వారి కాకినాడ బ్రాంచిలో, పిల్లలకు ఏ పాఠం నిజంగా అర్థమైతే ఆ పాఠం చెప్పిన టీచరు బుర్రలోంచి అప్పటికప్పుడే పోతుంది. ఇందులో దాపరికమేమీ లేదు. అపాయింట్‌మెంట్ లెటరు రెండో పేజీలో, సెలవుల నిబంధనకీ చెప్పులు బయట విడవాలన్న నిబంధనకీ మధ్య, పదకొండో షరతుగా శుభ్రంగా అచ్చేసి ఉంది. కంపెనీ ఆవరణలో చెప్పినా, ఇంట్లో చెప్పినా, బస్సులో పక్క సీటువాళ్ళకి చెప్పినా ఇదే వర్తిస్తుందని కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. సంతకం పెట్టే హడావుడిలో దాన్ని ఎవరూ చదవరు.

చేరిన వారానికల్లా పాత టీచర్లు కొత్తవాళ్ళకి కిటుకు నేర్పుతారు. పిల్లల వైపు వీపు పెట్టి, బోర్డుతోనే మాట్లాడుతూ, గడగడా లెక్క పూర్తి చేసి, చప్పున వెనక్కి తిరిగి "అర్థమైందా?" అని గద్దించాలి. నలభైమందీ ఒక్క గొంతుతో "అర్థమైంది టీచర్" అంటారు. ఒక్కడికీ అర్థం కాదు కాబట్టి పాఠం ఎక్కడిదక్కడే భద్రంగా ఉంటుంది. గోడమీది కెమెరాకి ఒక మైకు బిగించారు. అది పీరియడుకి ఎన్ని "అర్థమైంది"లు వచ్చాయో లెక్కపెట్టి హెడ్డాఫీసుకి పంపుతుంది. లెక్క బాగుంటే టీచరు బాగున్నట్టు, టీచరు బాగుంటే పిల్లలు బాగున్నట్టు, పిల్లలు బాగున్నారని తల్లిదండ్రులకి మెసేజీ వెళ్తుంది.

ఫిజిక్సు చెప్పే అవతారం మాస్టారు ఇరవై రెండేళ్ళుగా ఇక్కడే ఉన్నారు. ఆయన సిలబస్ మొత్తం చేరిననాటిలాగే నలగకుండా ఉంది. ఏటా ఉత్తమ ఉపాధ్యాయుడి శాలువా ఆయనకే కప్పుతారు. కెమిస్ట్రీకి వచ్చిన ఒక కుర్ర లెక్చరరు మాత్రం ఆవేశపడి నిజంగా చెప్పేశాడు. ఆరు నెలలు తిరిగేసరికి నీళ్ళ ఫార్ములా అడిగితే బిత్తరచూపులు చూశాడు. అతన్ని జోనల్ మార్కెటింగ్ హెడ్డుని చేశారు, ఇప్పుడు దివ్యంగా ఉన్నాడు.

లెక్కల టీచరు గుబ్బల నూకరత్నానికి ఈ కిటుకు ఒంటబట్టలేదు. బెంచీల మధ్య ఏ పిల్లో కనుబొమలు ముడిచి కూర్చుంటే ఆవిడకి కాళ్ళు ఆగవు, దగ్గరికి వెళ్ళిపోతుంది. అలా ఆరేళ్ళలో చాప్టర్లన్నీ ఒకదాని వెనక ఒకటి జారిపోయాయి. వర్గసమీకరణాలు ఒక మెకానిక్ కొడుకు పట్టుకుపోయాడు. వృత్తాలు ఒకే మధ్యాహ్నం ముగ్గురు కవల పిల్లలకి అర్థమై, సాయంత్రానికి ఆవిడకి చక్రానికీ చపాతీకీ తేడా లేకుండా పోయింది. పోయిన చాప్టర్లకి గైడు చూసి బోర్డుమీద ఎక్కించేది. చివరికి బుర్రలో మిగిలింది త్రికోణమితిలో ఎత్తులూ దూరాలూ అన్న ఒక్క చాప్టరు.

దాన్ని ఆవిడ కూతురు హేమ కోసం దాచుకుంది. హేమ ఇంకా ఎనిమిదో తరగతి. పోయిన వేసవిలో ముందే అప్పజెప్పేద్దామని కూర్చోబెట్టి చెప్పింది కూడా. హేమ పది నిమిషాలు విని, "అర్థమైందమ్మా" అని ఫోన్ పట్టుకుని లేచిపోయింది. మర్నాడు చూసుకుంటే పాఠం తన బుర్రలోనే చెక్కుచెదరకుండా ఉంది. అందుకని పిల్ల పదో తరగతికి వచ్చేదాకా ఆగుదామనుకుంది.

పైగా అది పుస్తకంలోంచి వచ్చింది కాదు. నూకరత్నం తండ్రి కోనసీమలో కొబ్బరి దింపు తీసేవాడు. కొత్త తోటలోకి వెళ్ళగానే చెట్టుకి వీపు పెట్టి, నాలుగడుగులు ముందుకు నడిచి, నడుం వంచి, కాళ్ళ సందులోంచి వెనక్కి చూసేవాడు. తలకిందులుగా చెట్టు కొసన మొవ్వు కనబడేదాకా అలా నడుస్తూ, వంగుతూ ఉండేవాడు. కనబడిన చోటునుంచి మొదలుదాకా ఎన్ని అడుగులో, చెట్టు ఇంచుమించు అంత ఎత్తు. నలభై అయిదు డిగ్రీల కోణమంటే ఏమిటో ఆవిడకి అలా తెలిసింది. తండ్రి పోయాక ఆవిడకి మిగిలిన ఆస్తి అదే అనుకోవచ్చు.

జనవరిలో ఆ చాప్టరు పదో తరగతికి చెప్పాల్సివచ్చింది. ఈసారి నూకరత్నం మనసు రాయి చేసుకుని బోర్డువైపే తిరిగి, గొంతు పెంచి, కిటుకు ప్రకారం లాగించేసింది. "అర్థమైందా?" అని తిరిగింది. ముప్ఫై తొమ్మిది "అర్థమైంది"లు వచ్చాయి. జాలర్లుండే దుమ్ములపేటనుంచి వచ్చే మల్లాడి దేవకి మాత్రం, "నాకు అవ్వలేదండి టీచర్," అంది.

మర్నాడూ అదే, ఆ మర్నాడూ అదే. మూడోరోజు బ్రాంచి మేనేజరు చిట్టిబాబు పిలిపించాడు.

"ఏటండీ టీచర్‌గారూ, రోజూ ఒకటి తక్కువొస్తంది? హెడ్డాఫీసోళ్ళు నన్ను తినేస్తన్నారండి."

"ఆ పిల్లకి అర్థం అవ్వట్లేదండి."

"అర్థం అయ్యేలా చెప్పమని ఎవరన్నారండి? అనిపించండి చాలు. మీకు ఉన్నదే ఒక్క చాప్టరు. అదీ పోతే నేను మిమ్మల్ని కౌన్సెలింగ్‌లోకి పంపాలండి. అక్కడ బుర్రలో ఏమీ ఉండకూడదు, రూలు."

"ఆయ్, అలాగేనండి," అంది నూకరత్నం.

క్లాసుకి వెళ్ళి దేవకి పక్కన కూర్చుని, గొంతు తగ్గించి, "ఒక్కసారి అర్థమైందని అనేయమ్మా, నీకూ నాకూ గొడవుండదు," అని బతిమాలింది.

"అంటానండి టీచర్. రేపటినుంచి గట్టిగా అంటాను. కానీ మా నాన్న సముద్రం మీంచి వచ్చేటప్పుడు లైటుహౌసు చూసి, ఒడ్డు ఇంకెంత దూరమో చెప్పేత్తాడండి. ఎలాగ నాన్నా అంటే, మెడ చెప్తాది అంటాడు. ఈ లెక్క అదేనేమో అని అడిగానండి, అంతే."

నూకరత్నానికి హేమ గుర్తొచ్చింది. ఆ పిల్ల అడగలేదు, ఈ పిల్ల అడిగింది. అడిగినవాళ్ళ నోట మట్టి కొట్టడం తనవల్ల కాదని ఆవిడకి తెలిసిపోయింది.

చీర కుచ్చిళ్ళు ఎగదోపి, కొంగు నడుముకి బిగించి, బోర్డుకి వీపు పెట్టి, కెమెరా ఎదురుగా నిలబడి, నడుం వంచి కాళ్ళ దగ్గరనుంచి వెనక్కి చూసింది. క్లాసంతా గొల్లున నవ్వింది. "నవ్వండి, నవ్వుతూనే చూడండి," అంది తలకిందులుగా. మా నాన్న చెట్టుని ఇలాగే చూసేవాడమ్మా దేవకీ, అంటూ చెట్టు సంగతి చెప్పింది. మెడ ఇంత ఎత్తితే ఎత్తూ దూరమూ సమానం, మెడ ఎత్తడం తగ్గినకొద్దీ ఒడ్డు దూరమైనట్టు అంది. దేవకి "అర్థమైంది" అనలేదు. "ఓహో!" అని, నోట్సు లాక్కుని, చెప్పని రెండు లెక్కలు కూడా తనే చేసేసింది.

నూకరత్నం లేచి నిలబడేసరికి బుర్రలో గాలి ఆడుతోంది. తండ్రి గుర్తున్నాడు. తోటలో నడుం వంచి కాళ్ళ సందులోంచి చూస్తూ తనని నవ్విస్తున్నాడు. ఎందుకు వంగేవాడో ఎంత తన్నుకున్నా తట్టలేదు. స్టాఫ్‌రూములో కూర్చుని ఆవిడ వెక్కి వెక్కి ఏడ్చింది.

మైకుకి "ఓహో" లెక్కలో లేదు. ఆరోజు కూడా ముప్ఫై తొమ్మిదే వచ్చాయి. లక్ష్యం అందుకోనందుకు ఒకటీ, క్లాసులో వ్యాయామం చేసినందుకు ఒకటీ, రెండు మెమోలు ఇచ్చారు. శనివారం తనిఖీలో టాన్ నలభై అయిదు ఎంత అని అడిగితే ఆవిడ మర్యాదగా, "ఎవరండీ ఆయన?" అంది. తనిఖీ చేసినాయన రిజిస్టరులో నిల్ అని రాసుకున్నాడు. సోమవారం ఆవిడని కౌన్సెలింగ్‌లో కూర్చోబెట్టారు. వేసవి తర్వాత దేవకి పాలిటెక్నిక్‌లో సీటొచ్చి వేరే ఊరు వెళ్తూ వచ్చి కాళ్ళకి దండం పెట్టింది. ఏ పాఠానికో గుర్తులేకపోయినా నూకరత్నం మనస్ఫూర్తిగా దీవించింది.

కౌన్సెలింగ్ అంటే లిస్టులో ఉన్న తల్లిదండ్రులకి వరసగా ఫోన్లు చేయడం. ఆవిడ అందులో బాగా రాణించింది. ఏమీ తెలియని గొంతులో ఒక నమ్మకం పలుకుతుందని హెడ్డాఫీసువాళ్ళు మెచ్చుకున్నారు. ఏడాదిన్నర గడిచింది. జూన్‌లో పదో తరగతిలోకి వచ్చిన పిల్లల లిస్టు వచ్చింది. పదిహేడో పేరు గుబ్బల హేమ. పక్కనున్నది తన సొంత నంబరు. లిస్టులో ఏ నంబరూ వదలకూడదని రూలు. ఆఫీసు ఫోన్ ఎత్తి నొక్కింది. బ్యాగులో సెల్లు మోగింది. తీసి రెండో చెవికి పెట్టుకుంది.

"నమస్కారమండి, మేధాఝరి నుంచండి. పాప పదో తరగతికి వచ్చింది కదండీ."

"ఆయ్, వచ్చిందండి. లెక్కల్లో కొంచెం వెనకండి. ఇంట్లో చెప్పేవాళ్ళు లేరండి."

"మీరు చెప్పలేరా అండి?"

"ఒకప్పుడు వచ్చేదండి."

చిట్టిబాబు తన క్యాబిన్‌లోంచి తొంగిచూశాడు.

"ఏం పర్లేదండి, మా దగ్గర చేర్పించండి," అంది నూకరత్నం. "ఈ ఏడు లెక్కలు కూడా అవతారం మాస్టారికే ఇచ్చారండి. ఇరవై మూడేళ్ళ అనుభవం, ఒక్క చాప్టరు కూడా పోలేదండి ఆయనకి."

"మరి పిల్లకి అర్థమవుతుందంటారా అండి?"

"అర్థమైందని అంటుందండి."

"అయితే రాసుకోండి," అంది నూకరత్నం. రెండు ఫోన్లూ పెట్టేసి, పదిహేడో పేరు ఎదురుగా టిక్కు పెట్టి, పద్దెనిమిదో నంబరు నొక్కింది.