కొండదారి సంధి

"కొండదారి మీద నడిచేవాళ్లకీ సైకిళ్లు తొక్కేవాళ్లకీ మధ్య రగులుతున్న ఘర్షణను ఈ శుక్రవారం శాశ్వతంగా పరిష్కరిస్తాను. ఈ ప్రభుత్వం ఏ గొడవనీ వదిలిపెట్టదు," అని పార్కుల మంత్రిగారు ప్రకటించారు. అలాంటి ఘర్షణ ఒకటి రగులుతోందని మా ఊరికి అప్పుడే తెలిసింది. మంత్రిగారి ముందుచూపు అలాంటిది.

పార్కుల అధికారి ఆ సాయంత్రమే కొండ కింద గేటుకు తాళం వేయించారు. "ఘర్షణ ఉన్నచోట దారి తెరిచి ఉంచకూడదు. సేఫ్టీ," అన్నారు నాతో. పత్రిక తరఫున వెళ్లి ఆ తాళాన్ని నేను స్వయంగా చూశాను. కొత్తది.

మర్నాడు ఆయన ఆఫీసులో స్టేక్‌హోల్డర్ల మీటింగు జరిగింది. నడిచేవాళ్ల సంఘానికి అధ్యక్షురాలు ఒక రిటైర్డ్ నర్సు. సైకిళ్ల సంఘానికి అధ్యక్షుడు ఆవిడ అల్లుడు, కళ్లద్దాల షాపులో పనిచేస్తాడు. రోజూ కొండెక్కకపోతే ఆపరేషన్ చేసిన మోకాలు బిగుసుకుపోతుందని ఆవిడకు డాక్టరు చెప్పాడు. గేటు మూసినప్పటి నుంచి ఇంటి మెట్లే ఎక్కి దిగుతోంది. ఉన్నవి నాలుగు మెట్లు.

"మీ ఫిర్యాదులు చెప్పండి," అన్నారు అధికారి.

"ఫిర్యాదులేమున్నాయండీ? మలుపు దగ్గర అల్లుడుగారు గంట కొడతారు. నేను పక్క బండ మీదికి జరుగుతాను."

"నేను దిగి, సైకిలు నడిపించుకుంటూ దాటుతానండి," అన్నాడు అల్లుడు. "అత్తయ్యగారు మంచినీళ్లు ఇస్తారు."

అధికారి పెన్ను కింద పెట్టారు. "అమ్మా, మంత్రిగారు సంధి చేయడానికి వస్తున్నారు. గొడవే లేకపోతే ఆయన సంధి దేనికి చేస్తారు? సంధి లేకపోతే నేను తాళం ఎలా తీస్తాను?"

"అంటే, మేం పోట్లాడుకుంటే గేటు తీస్తారా?"

"తాళంచెవి మంత్రిగారి చేతులమీదుగా మీకే ఇప్పిస్తాను."

అత్తా అల్లుడూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రిహార్సల్ అక్కడే మొదలైంది.

"అల్లుడుగారూ, మీరు కాస్త నెమ్మదిగా రావచ్చు కదండీ," అంది ఆవిడ.

"తప్పకుండా అత్తయ్యగారూ."

"కొంప ముంచారు!" అన్నారు అధికారి. "ముందు ఆ 'గారు' తీసేయండి. బాబూ, మీరు 'ఏయ్ ముసలమ్మా, తప్పుకో' అనండి."

అల్లుడు తల అడ్డంగా ఊపాడు. "మా ఆవిడ ఊరుకోదండి," అన్నాడు.

శుక్రవారం మంత్రిగారు ఒక చేతిలో చేతికర్ర, ఇంకో చేతిలో హెల్మెట్ పట్టుకుని కారు దిగారు. ఇరుపక్షాలకూ సమదూరం పాటించడం అంటే అదీ. మైకు పట్టుకోవడానికి ఇంకో మనిషిని పెట్టాల్సి వచ్చింది.

"గంట కొడితే తప్పుకోవాలా? దారి నీ సొంతమా?" అని నర్సు మొదలుపెట్టింది.

"దారికి అడ్డంగా నిలబడి కబుర్లు చెప్పుకుంటే కొట్టమా?" అన్నాడు అల్లుడు.

జనం చప్పట్లు కొట్టారు. ఇంకాస్త పెంచమని అధికారి వెనకనుంచి సైగ చేశారు.

"మా అమ్మాయితో పెళ్లయి ఆరేళ్లయింది. నేనిచ్చిన కాఫీ బాగుందని ఒక్కనాడన్నావా?"

ఇది రిహార్సల్లో లేదు.

"బాగుంటే అనేవాణ్ణి!"

జనంలో ఉన్న ఆవిడ కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"చూశారా, ఎంత లోతుగా పాతుకుపోయిందో!" అన్నారు మంత్రిగారు. కర్ర, హెల్మెట్ పీఏకి ఇచ్చి, వాళ్లిద్దరి చేతులూ కలిపారు. ఫొటోలు తీశారు. అధికారి పళ్లెంలో తాళంచెవి తెచ్చారు. మంత్రిగారు దాన్ని పైకెత్తి అన్ని కెమెరాలకూ చూపించారు. అంతలో ఫోన్ మోగింది. తాళంచెవి జేబులో వేసుకుని, మాట్లాడుతూ కారెక్కారు. కారు వెళ్లిపోయింది.

"రెండో చెవి లేదా?" అని అడిగాను.

"రెండో చెవి ఉంటే సంధికి విలువేముంటుందండీ?" అన్నారు అధికారి. పక్కకు వెళ్లి ఫోన్ చేశారు. అటెన్షన్‌లో నిలబడి విన్నారు. తిరిగొచ్చారు.

"చెవి క్షేమంగా ఉందమ్మా. మంత్రిగారు ఆదివారం పక్క ఊరి సరస్సు దగ్గర ఉంటారు. ఈతగాళ్లకీ పడవలవాళ్లకీ సంధి చేస్తున్నారు."

"అయితే అక్కడికే వెళ్లి తెచ్చుకుంటాం."

"అదే నేనూ చెప్పబోతున్నాను. అక్కడ కూడా గొడవ లేదట. మీ ఇద్దరి పనితీరు మంత్రిగారికి నచ్చింది. కారు పంపిస్తామన్నారు."

ఆవిడ గేటు చువ్వ పట్టుకుని మోకాలు ఓసారి వంచి చూసుకుంది. సగంలో ఆగిపోయింది. కాఫీ మాట వచ్చినప్పటినుంచి అటు తిరిగి నిలబడ్డ అల్లుడి వైపు చూసింది.

"అల్లుడుగారూ, మీకు ఈత వచ్చునా?"

"రాదండీ అత్తయ్యగారూ."

"అయితే పడవ మీరు తీసుకోండి. కాఫీ సంగతి అక్కడ తేల్చుకుందాం."