కర్టెనుకు అటొకడు, ఇటొకడు

ఉదయం ఆరింటికి బోగోలులో కారెక్కి, పదకొండుకు మద్రాసు విమానాశ్రయంలో దిగి, రెండింటి విమానం పట్టుకోవాలన్నది హజరత్తయ్య వేసుకున్న ప్లాను. ప్లానులో తప్పేమీ లేదు. హజరత్తయ్యకే కోపం ముక్కు మీద ఉంటుంది. మామూలు రోజుల్లో ఆ కోపానికి కారణం అక్కర్లేదు. ఆ రోజు మాత్రం కాఫీ తాగేలోపే కారణం దొరికింది.

"ఏందే ఇది?" అన్నాడు భార్య వెంకటశేషమ్మ చేతిలో ఉన్నదాన్ని చూసి.

"టై. సుప్రియ పంపించింది. బిజినెస్ క్లాసులో పోతుండావు గదా, కట్టుకోమంది."

"రొయ్యల గుంటలో దిగేవాడికి మెడకు టై ఎందుకే? నీ కూతురికి బుద్ధుండాదా?"

"కట్టుకోకపోతే మానెయ్. ఆడికి పోయినాక మాత్రం అరవబాకయ్యా. నీకు దణ్ణం పెడతా. ఈ పని కూడా పోతే గుంటలు మనయి కాకుండా పోతాయి."

హజరత్తయ్య టైని మంచం మీదికి విసిరేశాడు. వెంకటశేషమ్మ చెప్పింది నిజం. ఆరు గుంటలు ఉన్నాయి. వరసగా రెండు పంటలు తెల్లమచ్చ రోగంతో పోయాయి. మేత వ్యాపారి నరేంద్రబాబు ఆ గుంటల్ని లీజుకు తీసుకోవాలని నెలరోజులుగా గట్టు మీద షికారు చేస్తున్నాడు. అతగాడు గట్టు మీద కనిపించినప్పుడల్లా హజరత్తయ్యకు అరికాలి మంట నెత్తికెక్కుతోంది.

ఆ గుంటలు నిలబడాలంటే ఉన్నది ఒకటే దారి. సముద్రం మధ్యలో, నెల్లూరు జిల్లా అంత కూడా లేని ఒక చిన్న ముస్లిం దేశం. అక్కడి సర్కారువారి గుంటల్లో రొయ్యలు ప్రతి పంటకూ చచ్చి తేలుతున్నాయి. ఆ దేశపు అధికారులు ఆమధ్య నెల్లూరులో జరిగిన రొయ్యరైతుల సభకు వచ్చారు. స్టేజీ మీద పాఠం చెబుతున్న పెద్దమనిషిని హజరత్తయ్య లేచి నిలబడి పావుగంట తిట్టాడు. తిట్లలో ఉన్న విషయం వాళ్ళకు నచ్చింది. మూడు రోజులు వచ్చి మా గుంటలు చూడండి, మా మత్స్యశాఖ డైరెక్టరు గారికి నచ్చితే రెండేళ్ళు పని మీదేనని ఉత్తరం రాసి, తమ జాతీయ విమానంలో బిజినెస్ క్లాసు టికెట్టు పంపించారు.

ఒక్క టికెట్టు పంపించారు. హజరత్తయ్యకు ఒళ్ళు మండింది.

"కరీముల్లా లేకుండా నేను పోయి ఏం పీకేది?" అని అరిచాడు. కరీముల్లా ఇరవై ఏళ్ళుగా ఆయన గుంటల మీద మోటార్లు చూసే మెకానిక్. ఆరడుగుల మనిషి. తెల్లగడ్డం, నెత్తిన టోపీ, మోకాళ్ళ నొప్పి. అతని కొడుకు ఆఫ్తాబ్‌కు బోగోలులో జిరాక్సు కొట్టుంది. హజరత్తయ్య తిట్లన్నీ ఆఫ్తాబే మర్యాదగల ఇంగ్లీషులోకి మార్చి మెయిలు పంపితే, కరీముల్లాకు కూడా ఒక టికెట్టు వచ్చింది. అది వెనకాల ఎకానమీలో. దానితోపాటు ఇంకో ఉత్తరం కూడా వచ్చింది. ఆఫ్తాబ్ అందులో మొదటి పేజీ ప్రింటు తీసి చేతిలో పెట్టాడు.

"రెండో పేజీ ఏదిరా?"

"దాంట్లో ఏం లేదు పెదనాయనా, సీటు నంబర్లూ అవీ. కాగితం దండగ."

కారు వెంకటాచలం టోల్‌గేటు దాటేదాకా హజరత్తయ్య ఆ టికెట్ల గురించే తిడుతూ కూర్చున్నాడు. "ఇద్దరం ఒకే పనికి పోతుండాం. నన్ను ముందర కూర్చోబెట్టి, నిన్ను యెనకాల పడేసేది ఏం మర్యాద రా?"

"పోనీలేన్నా. ముందరిదీ యెనకదీ ఒకేసారి దిగుతాయి గదా," అన్నాడు కరీముల్లా. అతను పుట్టి బుద్ధెరిగాక కోప్పడింది లేదు. ఇద్దరి వాటాకూ హజరత్తయ్య కోపమే సరిపోయేది.

విమానం గుమ్మంలో మెహక్ అనే హైదరాబాదు అమ్మాయి నిలబడి ఉంది. జాబితాలో పేరు చూసి, చెయ్యి గుండెకు ఆనించి సలాం చెప్పింది. హజరత్తయ్య తడుముకోకుండా బదులు సలాం చెప్పాడు. నెల్లూరు జిల్లాలో ఇది వింతేమీ కాదు. పిల్లలు నిలవని ఇళ్ళల్లో దర్గాకు మొక్కుకుంటారు, పుట్టినవాడికి ఆ పేరు పెట్టుకుంటారు. నుదుట నిలువు బొట్టు పెట్టుకుని కూడా హజరత్తయ్య ఆ పేరుతో యాభై ఎనిమిదేళ్ళు హాయిగా బతికాడు. ఆ సంగతి మెహక్‌కు అర్థమైంది. జాబితా తయారుచేసిన పరాయి దేశంవాళ్ళకు మాత్రం తెలిసే దారి లేదు.

రెండో వరుసలో కిటికీ పక్క సీటు. పక్కన ఎవరో విదేశీయుడు కళ్ళకు నల్లగుడ్డ కట్టుకుని, మెడదాకా దుప్పటి లాక్కుని అప్పటికే గురక పెడుతున్నాడు. "ఎక్కీ ఎక్కకముందే నిద్ర! ఈడెవుడో ఏం పనీపాటా లేనోడు," అని పైకే అన్నాడు హజరత్తయ్య. బయల్దేరే ముందు తెర మీద ప్రయాణపు దువా వినిపించారు. ఆయన చేతులు జోడించాడు. ఇంజన్లు హోరెత్తాయి. ఆ రోజు మొత్తం మీద ఆయనకు నచ్చింది ఆ హోరొక్కటే.

దానికి కారణం ఉంది. రొయ్యల గుంటలో ఏరియేటర్లని తిరుగుతుంటాయి. మోటారు చక్రాలు నీళ్ళను చిలికితేనే రొయ్యకు ఊపిరి అందేది. అవి ఆగితే అరగంటలో రొయ్య పైకి తేలుతుంది, గంటలో పంట పోతుంది. అందుకని గట్టు మీద పడుకునేవాళ్ళకు మోత ఉంటేనే నిద్ర పడుతుంది. మోత తగ్గితే మెలకువ వచ్చేస్తుంది, ఒంటి మీద తెలివి రాకముందే కాళ్ళు జనరేటరు దగ్గరికి పరిగెడతాయి. హజరత్తయ్య, కరీముల్లా ఇరవై ఏళ్ళుగా అట్లాగే నిద్రపోతున్నారు.

భోజనమయ్యాక హజరత్తయ్య కరీముల్లాను చూసొద్దామని లేచాడు. మధ్యలో నీలం రంగు కర్టెను అడ్డం. దాన్ని లాగి అవతలికి పోయి చూస్తే, మనిషి మూడు సీట్ల మధ్యలో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని ఉన్నాడు.

"లెయ్," అన్నాడు.

"ఏందన్నా?"

"లేచి నా సీట్లో పోయి పడుకో. ఆడ కాళ్ళు చాపుకుంటే ఇంకో మనిషి పడతాడు."

మెహక్ పరిగెత్తుకొచ్చింది. "సార్, ఎకానమీ ప్యాసింజర్లు ముందుకు రాకూడదండీ. రూల్స్ ఒప్పుకోవు."

"అమ్మాయ్, ఆ సీటు నాది. నాది నేను ఇంకొకడికి ఇచ్చుకుంటుండా. నీ కొంప ఏం మునిగింది? ఆయన మోకాళ్ళు చూడు! మీ దేశంలో పెద్దోళ్ళకు కర్టెను కడతారా?"

"అది నా దేశం కాదండీ..."

"అయితే నీకెందుకు ఇంత పట్టుదల?"

అందరూ తలలు తిప్పి చూశారు. విమాన సిబ్బందికి పెద్ద అయిన పర్సర్ వచ్చాడు. తెల్లగడ్డాన్ని చూశాడు, మోకాళ్ళను చూశాడు, హజరత్తయ్య నోటిని ఇంకాసేపు చూశాడు. తలనొప్పి వదిలితే చాలనుకుని సరేనన్నాడు. జాబితాలో పేర్లు మాత్రం మార్చలేదు. కరీముల్లా ముందుకు పోయాడు. హజరత్తయ్య ఇరవైనాలుగో వరుసలో ఇద్దరు లావుపాటి మనుషుల మధ్య ఇరుక్కుని, గెలిచానన్న సంతోషంతో నిద్రపోయాడు.

ముందు సీట్లో కరీముల్లా కాళ్ళు చాపుకునేసరికి పక్కాయన నల్లగుడ్డ తీసి, "మిస్టర్ హజరత్తయ్య?" అని చెయ్యి చాపాడు. కరీముల్లాకు ఇంగ్లీషు రాదు. హజరత్తయ్య సీటేనా అని అడుగుతున్నాడనుకుని "ఎస్, ఎస్" అన్నాడు. ఆయన రొయ్యల గురించి అడిగినట్టుంటే, కరీముల్లా చేతులు తుడుచుకునే కాగితం గుడ్డ మీద మోటారు బొమ్మ గీసి, బెల్టు ఎక్కడ తెగుతుందో చూపించాడు. పెద్దమనిషి ఆ గుడ్డను మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత కరీముల్లా కూడా నిద్రపోయాడు.

విమానం కిందికి దిగడం మొదలుపెట్టింది. పైలట్ ఇంజన్ల జోరు తగ్గించాడు. హోరు ఒక్కసారిగా సన్నబడింది.

"కరెంటు పోయింది!" ఇరవైనాలుగో వరుసలోంచి కేక లేచింది. "కరీమూ! జనరేటరు ఎయ్ రా!"

మాటకు ముందే హజరత్తయ్య లేచాడు. లావుపాటాయన్ని తొక్కి దాటాడు. నడవలో ముందుకు పరుగు లంకించుకున్నాడు. కళ్ళింకా తెరుచుకోలేదు.

"వస్తుండా అన్నా!" ముందునుంచి ఇంకో కేక. "మోటారు ఆగిపోయింది! డీజిల్ ఉండాదా?"

"నిన్ననే పోయించినా! తొందరగా పరిగెత్తు!"

"బెల్టు తెగినట్టుందన్నా!"

ముందోడు వెనక్కి, వెనకోడు ముందుకు పరిగెత్తారు. మధ్యలో కర్టెను దగ్గర ఇద్దరూ ఢీకొన్నారు. కర్టెను రింగులతో సహా ఊడొచ్చి ఇద్దరి మీదా పడింది. తెలుగొచ్చిన ప్రయాణికులు నలుగురు "మోటారు ఆగిందంట!" అని అరిచారు. తెలుగు రానివాళ్ళు వాళ్ళను చూసి అరిచారు. ఒకాయన సీటు కింద లైఫ్ జాకెట్టు లాగి తొడుక్కున్నాడు. పిల్లలు ఏడుపు లంకించుకున్నారు.

అప్పటికి ఇద్దరికీ మెలకువ వచ్చింది. అదే కర్టెను కింద, అదే అరుపు అరిచి, అదే పరుగు పరిగెత్తిన ఇద్దరిని విమానంవాళ్ళు లేవదీశారు. వాళ్ళ మర్యాద చూడండి. రెండో వరుసాయన్ని చేయి పట్టి నడిపించి, వేడి తువ్వాలు ఇచ్చి, ఖర్జూరాలు పెట్టి, "పీడకల వచ్చిందా సార్?" అని అడిగారు. ఇరవైనాలుగో వరుసాయన్ని ఇద్దరు బలిసిన మగాళ్ళు రెక్కలు విరిచి పట్టుకుని, చిట్టచివరి సీట్లో కూలేసి, బెల్టు బిగించి, పాస్‌పోర్టు లాక్కుని, కాగితం మీద ఫిర్యాదు రాశారు.

"ఆయనా అరిచినాడు గదరా! ఆయనకు ఖర్జూరమా, నాకు పోలీసా?" అని హజరత్తయ్య విమానం చక్రాలు నేలకు తగిలేదాకా అరుస్తూనే ఉన్నాడు. అది కూడా ఫిర్యాదులో రాశారు.

దిగాక విమానాశ్రయంలో ఒక గదిలో ఇద్దరు పోలీసులు ఆయన్ని కూర్చోబెట్టారు. అద్దంలోంచి బయట కనబడుతోంది. కరీముల్లా మెడలో పూలదండ. పక్కనే నల్లగుడ్డ పెద్దమనిషి. వాళ్ళ వెనక కారు తలుపు తీసి పట్టుకున్న బంట్రోతు.

"ఆయనెవరమ్మాయ్?" అన్నాడు హజరత్తయ్య, సాక్ష్యానికొచ్చిన మెహక్‌తో.

"మత్స్యశాఖ డైరెక్టరు గారండీ. మీతో దారిలో మాట్లాడాలని మీ పక్క సీటే వేయించుకున్నారు. మీకు ఉత్తరంలో రాశారట కదా?"

రెండో పేజీ! ఆఫ్తాబ్‌ను తిట్టడానికి హజరత్తయ్య నోరు తెరిచాడు. జీవితంలో మొదటిసారి కోపం రావాల్సిన చోట భయం వచ్చింది. గట్టు మీద తిరిగే నరేంద్రబాబు కళ్ళముందు కనిపించాడు. అరవబాకయ్యా అని చేతులు జోడించిన వెంకటశేషమ్మ కనిపించింది. ఆయన తల వంచుకుని టైలేని మెడ రుద్దుకున్నాడు.

అద్దం అవతలనుంచి కరీముల్లా చూశాడు. దండ తీసి బంట్రోతు చేతిలో పెట్టి, మోకాళ్ళ నొప్పితోనే పరిగెత్తుకొచ్చాడు.

"ఎవుడ్రా మా అన్నను కూర్చోబెట్టింది?" అన్నాడు. అతని గొంతు అంత పెద్దదని హజరత్తయ్యకు ఇరవై ఏళ్ళలో తెలియదు. "హజరత్తయ్య ఈయన! నేను మోటార్లు చూసేవోణ్ణి. నీళ్ళ సంగతి నాకేం తెలుసు? ఈయన లేకుంటే నేనీడ ఒక్క పూట ఉండను. చెప్పమ్మా ఆయనకు!"

మెహక్ చెప్పింది. డైరెక్టరు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, చాలాసేపు మాట్లాడాడు. మెహక్ తెలుగులో చెప్పింది.

"రెండేళ్ళలో నలుగురు నిపుణులు ఈయన పక్క సీట్లో వచ్చారట. ఇంజను తగ్గితే ఒక్కరూ కదల్లేదట. వీళ్ళ గుంటల మీద మోటారు ఆగినా కాపలావాళ్ళు లేవరట, తెల్లారేసరికి రొయ్యలన్నీ తేలుతున్నాయట. నిద్రలో మోటారు వినేవాడు ఇన్నాళ్ళకు ఒక్కడు దొరికాడని, కరీముల్లా గారికే పని ఇస్తానంటున్నారు."

"ఒక్కడా?" హజరత్తయ్య కుర్చీలోంచి లేచాడు. పోయిన కోపం వడ్డీతో సహా తిరిగొచ్చింది. "నేను లేవలా? ఆయనకంటే ముందు లేచినా! ఆ ఫిర్యాదు కాగితం తియ్యండ్రా!"

పోలీసు భయపడి కాగితం తీశాడు. పెద్ద పర్సర్ రాతలో టైములతో సహా ఉంది. ఇరవైనాలుగో వరుస ప్రయాణికుడు అయిదూ యాభై రెండుకు లేచి గొడవ చేశాడు. రెండో వరుస ప్రయాణికుడు అయిదూ యాభై మూడుకు నిద్రలో కలవరించాడు.

డైరెక్టరు ఆ కాగితం రెండుసార్లు చదివాడు. జేబులోంచి మోటారు బొమ్మ గుడ్డ తీసి దాని పక్కన పెట్టాడు. తర్వాత పోలీసులకు ఏదో చెప్పి, రెండు పేర్లతో రెండేళ్ళ పనికి చెయ్యి కలిపాడు. ఆ సాయంత్రం ఫోనులో వెంకటశేషమ్మ, "అరవలేదు గదా?" అని అడిగింది. "అరిచినందుకే ఇచ్చినార్లేవే," అన్నాడు హజరత్తయ్య. అవతల ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది.

మూడు రోజుల తర్వాత తిరుగు టికెట్లు వచ్చాయి. ఫిర్యాదు ఉన్న మనిషిని ముందు కూర్చోబెట్టడానికి విమానంవాళ్ళు ఒప్పుకోలేదు. బిజినెస్ క్లాసు కరీముల్లాకు, మరుగుదొడ్డి పక్కన ఆఖరి సీటు హజరత్తయ్యకు వచ్చాయి.

కర్టెను మాత్రం కొత్తది వేశారు.