నాలుగు గొట్టాల ఆవిరి

తెలుగు నేతపనివాళ్లు వలసెళ్లి స్థిరపడ్డ గోడాదరాలో మగ్గాలు ఇంకా సగమే తిరుగుతున్న ఆ కరోనా ఏడాదిలో, ఒక ఉదయం హారతి ఒకటే అనుకుంది. ఎండ ముదిరేలోపు కారుకు కొత్త మానిఫోల్డ్ బిగించాలి, సాయంత్రం ఇచ్ఛాపూర్ గ్యారేజీకి తీసుకెళ్లాలి. ఆ పాత చిన్న కారును రేసుకు తగ్గట్టు ఆమే సిద్ధం చేసింది. అది పరుగు చూపిస్తే రేపటి నుంచే పనిలోకి రమ్మన్నాడు గ్యారేజీ యజమాని. చూపించకపోతే, ఆడపిల్లకు ఇంజన్లెందుకన్న వాళ్ల మాటే నిలుస్తుంది.

మానిఫోల్డ్ అంటే ఇంజన్‌కు గాలి అందించే నాలుగు గొట్టాల పెట్టె. హారతి తెప్పించింది ప్లాస్టిక్‌ది. తండ్రి దశరథం మగ్గాల ఫిట్టరు. లోహం తప్ప దేన్నీ నమ్మడు. ఖటోదరాలో పాత సామాన్ల అంగడికి వెళ్లి, అదే ఇంజన్‌కు సరిపోయే అల్యూమినియం మానిఫోల్డ్ తెచ్చి మంచం కింద దాచుకున్నాడు.

"ప్లాస్టిక్ బకెట్ ఎండకే పలుగుతది. దాన్ని ఇంజన్ పక్కకు పెడ్తవా బిడ్డా?"

"ఇది బకెట్ గాదు బాపు. అల్కగుంటది, వేడి పట్టది. గాలి సల్లగ పోతేనే ఇంజన్‌కు బలం. నా బండికి నేను చెప్పిందే."

వాళ్లు వాదించుకుంటుండగా తల్లి భాగీరథి ఆ ప్లాస్టిక్‌దాన్ని తీసుకెళ్లిపోయింది. ఆ రోజుల్లో బయటి నుంచి వచ్చిన ఏ వస్తువైనా పసుపు, వేపాకు వేసిన నీళ్లలో మరగనిదే ఆమె గడప దాటనివ్వదు. కూరగాయలకూ అదే, చెప్పులకూ అదే. పసుపుకు వైరస్ భయపడుతుందో లేదో దేవుడికే తెలియాలి. భాగీరథికి మాత్రం భయపడే ఉంటుందని ఇంట్లో అందరి నమ్మకం.

వాకిట్లో పొయ్యి మీది గిన్నెలో పూర్తిగా పట్టక, నాలుగు గొట్టాలూ పైకి నిలబడ్డాయి. ఆవిరి వృథాగా పోకూడదని ఆమె గిన్నె అంచు చుట్టూ తడిబట్ట కప్పింది. దాంతో నాలుగు నోళ్ల నుంచీ సన్నగా ఆవిరి రావడం మొదలైంది. పక్కింటి ఎల్లవ్వ అది చూసింది. నలుగురు ఒకేసారి ఆవిరి పట్టుకునే మిషను వచ్చిందనుకుని, దుప్పటి తెచ్చుకుని కూర్చుంది. కాసేపటికి మరో ముగ్గురు అదే దుప్పటిలో దూరారు. కరోనా రాకుండా ఉండాలని, మాస్కులు తీసేసి, తలకు తల ఆనించి.

హారతి బయటికి వచ్చేసరికి వాకిలి నిండా వరుస. ఆమె తన మానిఫోల్డ్ తనకిమ్మంది.

"వరుసల రా బిడ్డా," అంది ఎల్లవ్వ దుప్పటి లోపలి నుంచి.

దశరథానికి పండగైంది. మంచం కింది సరుకు మోసుకొచ్చాడు. "గది ఆవిరికే పనికొస్తది. ఇంజన్‌కు ఇది పెట్టు."

"ఇంజన్‌కు నాదే పెడ్త. ఆవిరికి నీదియ్యి."

వరుసంతా దశరథం వైపు తిరిగింది. కాదంటే తన సరుకును తానే తక్కువ చేసినట్టవుతుంది. లోహంలోంచి ఇంకా జోరుగా వస్తుందని చెప్పి, ప్లాస్టిక్‌దాన్ని తీసి తనది నిలబెట్టాడు. ఎల్లవ్వ మాత్రం కదల్లేదు. "జోరంటున్నవు గదా, ముందుగాల నువ్వే పట్టు," అంది.

నలుగురిలో వెనక్కి తగ్గే మనిషి కాదు దశరథం. గొట్టం బాగా కాగేదాకా ఆగి, దుప్పటి కప్పుకుని వంగాడు. మరుక్షణమే దుప్పటి ఒక పక్కకూ, మనిషి ఒక పక్కకూ లేచారు. ఎల్లవ్వ ఇంతసేపూ ముక్కు ఆనించి కూర్చున్నది ప్లాస్టిక్ గొట్టానికి. ఆయన ముక్కు ఆనింది అల్యూమినియానికి.

ప్లాస్టిక్‌దే కావాలని వరుస గోల పెట్టింది. హారతి అప్పటికే దాన్ని చంకన పెట్టుకుని కారు దగ్గర ఉంది. తిట్టినా తిరిగి చూడలేదు. గొట్టాల్లోని వేపాకులు దులిపి, శుభ్రంగా తుడిచి, ఎండలో ఆరబెట్టింది.

దశరథం ముక్కుకు తడిగుడ్డ అద్దుకుంటూ వచ్చి, పానా అందించాడు.

"ఇంజన్‌కు గూడ ముక్కుంటది గదా బిడ్డా," అన్నాడు. "నీదే పెట్టు."

సాయంత్రం ఇచ్ఛాపూర్ రోడ్డు మీద కారు పరుగు చూసి, యజమాని మర్నాడు పొద్దున్నే రమ్మన్నాడు. ఇంజన్ మూత తీయగానే పసుపు వాసనెందుకు వస్తోందని మాత్రం రెండుసార్లు అడిగాడు.

ఆ తర్వాత చాలా రోజులు, గోడాదరా మొత్తంలో మాస్కు ముక్కు కిందికి దిగని మనిషి దశరథం ఒక్కడే.