సక్సెత్‌కు ఇయ్యని కత్తెర

ఆ ఉదయం మౌనిక వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి ఫిన్లాండ్ ఆసుపత్రివాళ్లు నర్సు ఉద్యోగానికి వీడియోలో ఇంటర్వ్యూ చేస్తారు. ఇంటి వస్తువుల బొమ్మలు చూపించి ఫిన్నిష్ పేర్లు అడుగుతారట. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్‌లో నేర్చిన మాటలన్నీ నోటికి వచ్చాయి, ఒక్క కత్తెర తప్ప. అందుకని తెలుగు అక్షరాల్లో చీటీలు రాసి కత్తెరకు ‘సక్సెత్’, పనిలో పనిగా కుర్చీకి ‘తువోలి’, చాకుకు ‘వెయిత్సి’ అని అతికించి, చదువుకోవడానికి గదిలోకి పోయి తలుపు మూసుకుంది.

అత్తగారు అండాలమ్మ జాకెట్లు కుడుతుంది. మధ్యాహ్నానికల్లా కొత్తపేట పెళ్లివారివి ఇవ్వాలి. కత్తెర అందుకుంది, చీటీ చదివింది, ఆగిపోయింది. గిన్నె మీదైనా బిందె మీదైనా పేరుందంటే ఆ వస్తువు ఆ పేరు గలవారిదే. ఆమెకు తెలిసిన చట్టం అదొక్కటే.

"ఉదయలక్ష్మీ, గీ సక్సెత్ ఎవరే?"

పక్కింటి ఉదయలక్ష్మిది గుంటూరు వైపు. చీటీని పరీక్షగా చూసింది. "మీ కోడలు ఫిన్లాండ్ వెళ్తానంటోందిగా పిన్నిగారూ! సామాను ఆన్‌లైన్లో అమ్మేసుంటారు. ఇవి కొన్నవాళ్ల పేర్లయ్యుంటాయండీ."

"నా కత్తెర గూడనా?"

ఆఫీసులో ఉన్న కొడుకు కృష్ణకు ఫోన్ పోయింది. "నన్నడగకుంట ఎట్ల అమ్మినవ్ రా?"

కృష్ణ కిందటి వారమే పాత ఇస్త్రీపెట్టెను గుట్టుగా ఇనుపసామానువాడికి వేసేశాడు. దొరికిపోయాననుకున్నాడు. "పాతదైంది గదనే అమ్మా! పరేషాన్ గాకు, కొత్తది తెస్త."

ఇక అనుమానం లేదు. ఇంట్లో గట్టి గడియ ఉన్నది మౌనిక గదికే. చీటీలున్న సామానంతా అందులో పెట్టి గడియ వేసుకుంటే, ఏ తువోలి వచ్చి ఏం పట్టుకుపోతాడో చూద్దామనుకుంది అండాలమ్మ.

లోపల ఫిన్లాండ్ మేడమ్ తెర మీద కత్తెర బొమ్మ పెట్టింది. ఆ ఒక్క మాట తప్ప మౌనికకు ప్రపంచంలోని మాటలన్నీ గుర్తొస్తున్నాయి.

తలుపు ధడాలున తెరుచుకుంది.

"సక్సెత్!" అండాలమ్మ కత్తెర ఎత్తి చూపింది. "ఇయ్య! పానం పోయినా ఇయ్య!" కుర్చీని ముందుకు లాగింది. "తువోలి! వానికి గూడ ఇయ్య!" చాకు ఝళిపించింది. "వెయిత్సి! దమ్ముంటే రమ్మను!"

మౌనిక కళ్లు మూసుకుంది. ఉద్యోగం పోయిందనుకుంది.

తెర మీంచి చప్పట్లు వినిపించాయి. ఇంట్లో పెద్దలకు కూడా వస్తువు వస్తువూ చూపించి నేర్పిన అభ్యర్థిని తాను ఇంతవరకు చూడలేదంది మేడమ్. ఉద్యోగం ఖాయం చేసింది. ఉచ్చారణ మాత్రం పెద్దావిడ దగ్గర నేర్చుకోమంది.

సాయంత్రం కృష్ణ కొత్త ఇస్త్రీపెట్టెతో వచ్చాడు. పాతది పోయిన సంగతి అండాలమ్మకు అప్పుడే తెలిసింది.

మరునాడు గిన్నెల మీద పేర్లు కొట్టే అతన్ని పిలిపించి కత్తెర మీద ‘అండాలమ్మ’ అని కొట్టించింది. ఫిన్నిష్‌లో కూడా దాన్ని అలాగే అనాలట.