నెలకో ఎన్నిక కావాలి

మనకు ఎన్నికలు చాలడం లేదు. నెలకొకటి చొప్పున జరగాలి. ఇది ఆవేశంతో అంటున్న మాట కాదు. ఉద్యోగ జీవితమంతా భౌతికశాస్త్రం బోధించినవాణ్ణి, పరిశీలన లేకుండా ఏ నిర్ణయానికీ రాను.

మా వీధిలో చెత్త బండి పట్టదని మునిసిపల్ ఇంజనీరు టేపు పెట్టి కొలిచి మరీ తేల్చాడు. మేమూ నమ్మి, సంచులు మోసుకుంటూ మెయిన్ రోడ్డుదాకా నడుస్తున్నాం. ఈమధ్య అభ్యర్థిగారి ప్రచార వాహనం వచ్చింది. పైన మైకులు, పక్కల కటౌట్లు, వెనకాల కార్ల వరస. అన్నీ సాఫీగా పట్టాయి! ఎన్నికల కాలంలో వీధులు వ్యాకోచిస్తాయని దీన్నిబట్టి తేలుతోంది. వేడికి లోహాలు వ్యాకోచించవా?

బంధుత్వాలూ అంతే. మామూలు రోజుల్లో ఏ ఆఫీసుకు వెళ్లినా నన్ను పలకరించే మాట ‘ఏంటండీ’. ఎన్నికలప్పుడు నేను ‘పెదనాన్న’ను. అభ్యర్థిగారు మా గుమ్మంలో వంగి, మోకాళ్ల నొప్పి ఎలా ఉందని అడిగారు. నాకు మోకాళ్ల నొప్పి లేదు. అంత ఆప్యాయంగా అడిగాక లేదనడం మర్యాద కాదని, సాగనంపేటప్పుడు కాస్త కుంటుతూ నడిచాను.

మైకుల గోల అంటారా? మా పక్కింటి దంపతులు మాట్లాడుకోవడం మానేసి ఏళ్లయింది. ఆ గోలకు ఆవిడ తట్టుకోలేక “కిటికీ వెయ్యండి” అని అరిచింది. “ఏంటీ?” అన్నాడాయన. అలా కలిసిన మాటలు ఇంకా తెగలేదు.

ఇవన్నీ ఒక ఎత్తు, మా అక్క ఒక ఎత్తు. చక్రాల కుర్చీకి చేరినప్పటినుంచి ఆమె గ్రంథాలయం గడప తొక్కలేదు. అక్కడ మెట్లున్నాయి. ర్యాంపు కట్టించమంటే, పాత భవనం, పునాది ఒప్పుకోదన్నారు. పుస్తకాలు నేనే తెచ్చిస్తున్నాను.

“నువ్వు తెచ్చేవన్నీ గ్రహాల గురించేరా. నాకు హత్యలు కావాలి. నేనే వెళ్లి ఏరుకోవాలి” అంటుంది.

ఆ గ్రంథాలయమే మా పోలింగ్ కేంద్రం. పోలింగ్ రోజున పునాది ఒప్పుకుంది! మెట్ల మీద చెక్క ర్యాంపు, దాని మీద తివాచీ, పక్కన మంచినీళ్లు. అక్కకు ఏ పార్టీ మీదా భ్రమల్లేవు. అయినా పొద్దున్నే తయారై, ఒళ్లో ఖాళీ సంచీ పెట్టుకుని కూర్చుంది. పౌరులు రాజకీయాల్లో ఎందుకు పాల్గొంటారని పండితులు తలలు బద్దలు కొట్టుకుంటున్నారు కదా, మా అక్కనడిగితే ఆ సంచీ చూపించేది.

నడవలేని ఓటర్లకోసం అధికారులు పంపుతామన్న వాహనం సాయంత్రానికి వచ్చింది. అక్క ఓటు వేసింది. కుర్చీని పుస్తకాల గది వైపు తిప్పమంది. తిప్పాను. తలుపుకు తాళం.

“పోలింగ్ కదమ్మా, ఇవాళ గ్రంథాలయానికి సెలవు” అన్నాడు అధికారి.

“రేపు తెరుస్తారా?”

“తెరుస్తారమ్మా.”

“ర్యాంపు?”

అధికారి గుమ్మం దగ్గర కాచుకుని ఉన్న వడ్రంగి వైపు చూశాడు. వడ్రంగి సుత్తి వైపు చూసుకున్నాడు. “అది అద్దెదమ్మా. పోలింగ్ అయిపోగానే విప్పేస్తాం.”

అక్క కుర్చీని ర్యాంపు నడిమధ్యకు నడిపించుకుని బ్రేకు వేసింది.

“కాస్త దిగితే పలకలు విప్పుకుంటానమ్మా” అన్నాడు వడ్రంగి.

“దిగితే విప్పుతావనే దిగట్లేదు నాయనా.”

ప్రచారంలో పంచిన కరపత్రం మీదున్న నంబరుకు ఫోన్ చేశాను. స్వయంగా అభ్యర్థిగారే ఎత్తారు. “నేను, పెదనాన్నను మాట్లాడుతున్నాను” అన్నాను.

“ఏంటండీ?” అన్నారు.

అప్పటికి పోలింగ్ ముగిసింది. చల్లారితే సంకోచించడం కూడా పదార్థ ధర్మమే కదా.

కాబట్టి నెలకో ఎన్నిక కావాలన్న ప్రతిపాదనను ఉపసంహరించుకుంటున్నాను. నెలకో ఎన్నిక పెడితే నెలకోసారి ర్యాంపు వేసి, నెలకోసారి విప్పుతారు. ఇన్నేళ్లుగా మేమంతా బుద్ధిగా ఓటు వేసి, బుద్ధిగా దిగి ఇంటికి పోయాం. మేము దిగిన ప్రతిసారీ ఎవరో ఒకరు వెనకాల పలకలు విప్పుకుపోయారు. ఓటరు మీద ఉన్నంతసేపే ర్యాంపు నిలుస్తుంది. ఈ సూత్రాన్ని కనిపెట్టింది నేను కాదు, హత్యల పుస్తకాలు చదివే మా అక్క.

వడ్రంగి సుత్తి సంచీలో పెట్టేసి, కింది మెట్టు మీద కూర్చున్నాడు. నేను దుప్పటి కోసం ఇంటికి బయలుదేరుతున్నాను. వచ్చేటప్పుడు చదువుకోవడానికేమైనా తెమ్మంటావా అని అడిగాను.

“గ్రహాలు మాత్రం వద్దు” అంది.