కూడిక లేని మూడు తూములు

పట్టణ వర్షజల విభాగం వారు సగర్వంగా తెలియజేయునది ఏమనగా, మిట్ట మీది కొత్త అపార్టుమెంట్ల నుంచి ఒక్క చుక్క కూడా హద్దు మీరదు. ఆ మాట నిజమేనని సంతకం పెట్టవలసిన చిన్న ఇంజనీరు మాత్రం కంప్యూటరు ముందు గోళ్లు కొరుక్కుంటున్నాడు.

అపార్టుమెంట్ల కింద వాననీటిని పట్టి మెల్లగా వదిలే తొట్టి కట్టారు. దానికి అడుగున ఒకటి, నడుమ ఒకటి, పైన ఒకటి, మూడు తూములు. కంప్యూటరులో వాన కురిపించి చూస్తే ఏ తూముకా తూము బుద్ధిగా హద్దులోనే ఉంది. మూడూ పడేది పల్లంలోని ఒకే సందులో. సందు మొదట్లో అతని అక్క ఇల్లు, ఆవిడ కుట్టుమిషను. మూడింటినీ కూడితే హద్దుకు రెట్టింపు తేలింది. కాగితం పట్టుకుని పెద్దింజనీరు దగ్గరికి పరిగెత్తాడు.

"చూడు నాయనా," అన్నారు పెద్దింజనీరు గారు. "ఫారంలో మూడు తూములకీ మూడు గళ్లున్నాయి. మొత్తానికి గడి ఉందా? లేదు. పెద్దలు ఆలోచించకుండానే వదిలేశారా? కూడడం మన పరిధిలోది కాదు."

"సార్, కింద మా అక్క ఉంటోంది."

"మరీ మంచిది! సొంతవాళ్లుంటే పనిలో శ్రద్ధ పెరుగుతుంది. పెట్టు సంతకం."

ఆ నెలలోనే అతని ఉద్యోగం పర్మనెంటు కావాలి. సిగ్గుతో చచ్చిపోతూనే పెట్టాడు.

వాన పడింది. మూడు తూములూ విధి నిర్వహణలో ఏ లోపమూ చేయలేదు. అక్క ఇంట్లో మోకాలిలోతు నీళ్లు. మిషను మునిగింది, కుట్టిన బడి యూనిఫారాలు బురదలో నానాయి. విభాగం వెంటనే స్పందించి నష్టపరిహారం ఫారం పంపింది: "మీ ఇంట చేరినది ఏ తూము నీరు? ఒక్కదానికే టిక్కు పెట్టవలెను." అక్క మూడింటికీ పెట్టింది. దరఖాస్తు తిరిగొచ్చింది. నీరు పల్లమెరుగు అన్నారు. ఈ ఊళ్లో నిజం ఫారమెరుగు.

"కూడి చూపించానక్కా, వినలేదు," అన్నాడు తమ్ముడు తలొంచుకుని.

"కూడినవాడివి సంతకమెందుకు పెట్టావురా?" అంది అక్క, చీపురుతో బురద తోస్తూ.

ఆ మాట అతనికి ముల్లులా గుచ్చుకుంది. ఆ నెలలోనే పర్మనెంటు అయ్యాడు, ఏడాది తిరిగేసరికి ధైర్యమూ వచ్చింది. ఫారంలో మొత్తానికో గడి పెట్టాలని అర్జీ రాసి, మొదటి సంతకం కోసం అక్క దగ్గరికే వెళ్లాడు. ఆవిడ అప్పటికి పల్లంలోని ఇంటిని నడి ఎండాకాలంలో చూపించి అమ్మేసింది. మిట్ట మీద మూడు తూముల తొట్టితో కొత్తిల్లు కట్టిస్తోంది.

అర్జీ రెండుసార్లు చదివింది అక్క.

"ఈ గడి వస్తే మా ఇంటికి అనుమతి వస్తుందా?"

"రాదక్కా."

కాగితం మడిచి తమ్ముడి జేబులో పెట్టింది.

"అయితే మాకు నాలుగో తూము కూడా పెట్టించరా. ఒక్కొక్కటీ హద్దులోనే ఉండాలి సుమా! మనం పద్ధతి గల మనుషులం."