కూర్మనాథం గారి శ్రవణ మందిరం

పలాస జీడిపప్పు వ్యాపారి కూర్మనాథం గారి మేడ మీద శ్రవణ మందిరం రెండువేల నాలుగో సంవత్సరం వేసవిలో దిగ్విజయంగా పూర్తయిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. అందులో ఆయన పాటలు వింటారు. వేరే పనేదీ అక్కడ జరగదు.

మద్రాసు నుంచి బీరువాలంత స్పీకర్లు రైల్లో దిగిన రోజు మాత్రం ఆయనకు అన్నం సహించలేదు. నున్నటి గోడలు, పాలరాతి నేల. పాడేది ఒకావిడైతే నలుగురు పాడినట్టు వినిపించింది. కొబ్బరిపీచు చాపలు పరిచారు, పరుపులు నిలబెట్టారు, గుడ్ల అట్టలు అతికించారు. నలుగురు ఇద్దరయ్యారు గానీ ఒకరు కాలేదు. చివరికి విశాఖ నుంచి శబ్ద నిపుణుణ్ణి రప్పించారు. ఆయన గది మధ్య నిలబడి మూడుసార్లు చప్పట్లు కొట్టి, కాఫీ తాగి, గోడలకు మందంగా, బరువుగా, ఎగుడుదిగుడుగా ఏదైనా ఉండాలని సెలవిచ్చారు.

అలాంటి వస్తువు కూర్మనాథం గారికి ఒక్కటే తెలుసు. ఆ ఏడాది ఉద్దానంలో కొన్న జీడిపిక్కల బస్తాలన్నీ ఫ్యాక్టరీ గోదాము నుంచి మేడెక్కాయి. నాలుగు గోడలకూ కప్పుదాకా పేర్చారు. పాట పెట్టారు. ఒక్కావిడే పాడింది, ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. ఆయన కళ్ళు చెమర్చాయి. వ్యాపారుల సంఘం శాలువా కప్పింది.

పిక్కలన్నీ మేడ మీద కొలువుదీరాయి కనుక ఫ్యాక్టరీలో కొట్టి పప్పు తీయడానికి పిక్కల్లేవు. నలభైమంది ఆడవాళ్ళకు విశ్రాంతి లభించింది. రెండు నెలల విశ్రాంతి తర్వాత వాళ్ళ తరఫున రాజులమ్మ మేడెక్కింది.

"బాబూ, పిక్కలన్నీ గోడలకి పేర్సీసినావు. మేం ఏటి కొట్టాల? మా ఇంటాయనికి కిడ్నీలు పోనాయి. వారానికి రెండుపాలి వైజాగు తీసుకెల్లాల. పని నేకపోతే ఆయన్ని ఎలగ బతికించుకోను? ఒక్క గోడైనా ఇప్పించు బాబూ!"

కూర్మనాథం గారు నిశ్చేష్టులయ్యారు. ఇరవయ్యేళ్ళుగా ఫ్యాక్టరీ రొదలో వింటున్న గొంతే. ఇంత స్పష్టంగా ఎన్నడూ వినలేదు. 'కిడ్నీలు' దగ్గర వచ్చిన చిన్న వణుకు సైతం శుభ్రంగా అందింది.

"కదలకు రాజులమ్మా! మరోపాలి సెప్పు. ఈపాలి ఆ స్పీకరు పక్కన నిలబడి సెప్పు."

వినే మనిషి దొరికాడనుకుని ఆమె మొదట మరిచిపోయినవి కూడా కలిపి చెప్పింది.

ఆదివారం సంఘం సభ్యులంతా విచ్చేశారు. రాజులమ్మ మళ్ళీ చెప్పింది. అధ్యక్షులు పోలారావు గారు లేచి, "పేదల మాట ఇంత స్పష్టంగా వినిపించే ఏర్పాటు రాష్ట్రంలో మరెక్కడా లేదు. ఇది మన పట్టణానికే గర్వకారణం!" అన్నారు. ఒక్క బస్తా కదిపినా ఆ వణుకు వినిపించదు కనుక గోడలను యథాతథంగా ఉంచాలని ఏకగ్రీవంగా తీర్మానించారు.

నాలుగు ఆదివారాలు ఆమె వచ్చింది. ఐదో ఆదివారం రాలేదు. ఆమె భర్తను వైజాగు తీసుకెళ్ళాల్సిన అవసరం ఇక లేకపోయింది.

అదృష్టవశాత్తూ కూర్మనాథం గారు ముందుచూపుతో ఆమె మాటలు క్యాసెట్టులో పట్టి ఉంచారు. వచ్చిన అతిథులందరికీ వినిపిస్తారు. వాళ్ళు కళ్ళు మూసుకుని విని, ఉద్దానం యాస ఎంత తియ్యగా ఉంటుందో అంటారు. ఇందాక ఆవిడ మాట్లాడుతున్నప్పుడు మీరూ అదే అనుకున్నారు.